అరణం బర్రె తేన్పులు ఎవరి లెక్క

ఆగండి, ఆగండి. చేతిలో పని ఏదున్నా పక్కన పెట్టి ఒక్క పావుగంట ఇటు చెవి పెట్టండి. పెద్దమందడి దగ్గర ఒక ఊళ్లో జోగులమ్మ అనే ఆడమనిషి, ఒక సోమవారం పొద్దున పదింటి నుంచి పదిన్నర లోపల, ఊరు మొత్తానికే పెద్ద కాలుష్యం అయిపోయింది. ఫ్యాక్టరీ పెట్టలేదు. లారీలు తిప్పలేదు. గడప కూడా దాటలేదు. ఆ అరగంటలో ఆమె చేసిందల్లా మూడుసార్లు చాయ్ పెట్టడం.

ఆ పొద్దున రెబెకా స్కూటీ మీద వచ్చింది. రెబెకాది తిమ్మాజిపేట, అమ్మానాయనలు కూలికి పోయేవాళ్లు. తను హైదరాబాదులో డిగ్రీ చదివి, అక్కడి ఒక సంస్థలో ఇల్లిల్లూ తిరిగి పొగ లెక్క రాసే కొలువు తెచ్చుకుంది. చంకలో టాబు, మెడలో కార్డు, ముఖం నిండా భూగోళాన్ని కాపాడాలనే ఆరాటం.

"నమస్తే అన్నా. మీ ఇంటి కార్బన్ లెక్క రాసుకుందామని వచ్చిన."

"కార్బన్ అంటే ఏందమ్మా?" అన్నాడు కురుమూర్తి మంచం మీద నుంచి లేవకుండా. జోగులమ్మ భర్త. ఆరెకరాల మెట్ట, రెండు బోర్లు, ఒక ట్రాక్టరు, ఒక మోటారు సైకిలు, ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉన్న మనిషి.

"పొగ అన్నా. మన పనులతోటి భూమి వేడెక్కుతున్నది గద, మీ ఇంట్ల ఎవరి వల్ల ఎంత పొగ పోతున్నదో ఈ టాబు చెప్తది."

"అట్లయితే నన్నడుగు. ఇంటి యజమానిని నేను గద."

టాబు కూడా అదే అంది. 'జవాబు చెప్పేవారు: ఇంటి యజమాని' అని మొదటి గడిలో ముందే అచ్చేసి ఉంది.

"వంట ఎవరు చేస్తరన్నా?"

"అదే."

"కట్టెల పొయ్యా, గ్యాసా?"

"రెండూ. రొట్టెలకైతే పొయ్యి. గ్యాసు మీద కాల్చిన రొట్టె నాకు సయించదు."

"స్నానానికి వేడినీళ్లు?"

"దినాం ఉండాలె. ఎండకాలం గూడ. లేకుంటే నాకు నడుం పడ్తది."

"ఎవరు కాగబెడ్తరు?"

"అదే."

'అది' ఎవరో టాబుకు తెలియదు కాబట్టి రెబెకా ప్రతిసారీ 'జోగులమ్మ' అని కొట్టింది. టాబు రూలు ఒక్కటే, పని ఎవరు చేస్తే పొగ వాళ్లది. ఆ వేడినీళ్లు ఎవరి వీపు మీద పడ్డాయో, ఆ రొట్టెలు ఎవరి పొట్టలోకి పోయాయో అడిగే గడి అందులో లేదు.

"ట్రాక్టరు ఉన్నది గద?" అని కురుమూర్తే గొప్పగా గుర్తు చేశాడు.

"అది వ్యవసాయం కిందికి పోతదన్నా. ఇంటి లెక్కల రాదు."

"బోర్లు?"

"అవి గూడ రావు."

"బండి?"

"దాని మీద యాడికి పోతవన్నా?"

"ఎరువుల దుకాణంకు."

"అయితే అది ఉపాధి ప్రయాణం. రాదు."

ఎరువుల దుకాణం పెద్దమందడిలోనే ఉంది. కురుమూర్తి బండి మాత్రం వారానికి నాలుగు రోజులు కొత్తకోట దాకా పోయి బిర్యానీ వాసనతో తిరిగొస్తుంది. వంటింట్లో ఉన్న జోగులమ్మ ఆ మాట అందామని నోరు తెరిచింది. ఇంతలో పాలు పొంగాయి.

"పశువులన్నా?"

"ఒక బర్రె."

"ఎవరిది?"

ఇక్కడ ముత్తెం సంగతి చెప్పాలి. ముత్తెం జోగులమ్మ అరణం బర్రె. పెళ్లప్పుడు తల్లిగారింటి వాళ్లు పిల్ల వెంట ఒక పెయ్యను తోలి పంపుతారు కదా, అది అరణం. అదీ దాని కడుపున పుట్టిన సంతానమూ ఆ ఆడమనిషిదే, మొగుడికి కూడా దాని మీద హక్కుండదు. తల్లిగారి ఊరు అయిజ నుంచి వచ్చిన ఆ మొదటి పెయ్యకు ముత్తెం మనవరాలు. దాని పాలు రెండు చెంబులు చుట్టుపక్కల ఇళ్లకు పోతాయి. గురుకులంలో చదువుకుంటున్న బిడ్డకు చెప్పులైనా, నోటు పుస్తకాలైనా, బస్సు కిరాయైనా ఆ రెండు చెంబుల్లోంచే. ఆ ఇంట్లో జోగులమ్మ ఎవరి ముందూ చెయ్యి చాపకుండా ఖర్చు పెట్టుకునేది అదొక్కటే.

పదిహేనేళ్లుగా పాలు తాగేటప్పుడల్లా 'మా బర్రె' అన్న కురుమూర్తి, ఆ పూట మాత్రం హరిశ్చంద్రుడికి తమ్ముడయ్యాడు.

"అది జోగులమ్మదే. అరణం."

"ఒక్కటేనా అన్నా?"

"ఒక్కటే."

రెబెకా ముఖం చిన్నబోయింది. "రెండు కన్న తక్కువుంటే టాబు వ్యవసాయం కింద తీసుకోదన్నా. పెంపుడు జంతువు అంటది."

టాబులో కుక్క ఉంది, పిల్లి ఉంది, చిలుక ఉంది. నాలుగు వందల కిలోల ముత్తెం 'ఇతరాలు' అయింది.

"బర్రె నెమరేసి తేన్చినప్పుడల్లా మీథేన్ వస్తదన్నా. పొయ్యి పొగ కన్న డేంజర్," అంది రెబెకా నిజంగానే బాధపడుతూ.

టాబు గిర్రున తిరిగి రెండు బొమ్మలు చూపించింది. కురుమూర్తి పేరు పక్కన పచ్చటి ఆకు, నూటికి తొమ్మిది. జోగులమ్మ పేరు పక్కన ఎర్రటి పొగగొట్టం, నూటికి తొంభై ఒకటి.

జోగులమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"గీ పొగగొట్టం నేనా బిడ్డా?"

"అవునక్కా."

"మరి గీ ఆకు?"

"అన్న."

జోగులమ్మ టాబులో ఆకును చూసింది, మంచం మీది ఆకును చూసింది. "ఆకు చాయ్ తాగుడైందా? అయితే గిలాస ఇటియ్యమను, కడుగుత," అంది.

మధ్యాహ్నానికి ఆకు బొమ్మ కురుమూర్తి వాట్సాప్ స్టేటస్ ఎక్కింది. సాయంత్రానికి చాయ్ హోటల్లో "మా ఇంట్ల నేను జర తక్కువనే గని, ఆడోళ్లతోటే పరేషాన్" అని ఉపన్యాసం మొదలైంది. మూడో రోజు హైదరాబాదు నుంచి ప్రాజెక్టు సారు చంద్రశేఖర్ ఫోన్ చేశాడు.

"కురుమూర్తి గారూ, మీరు మండలానికే ఆదర్శమండీ. మీ శ్రీమతి గారిని కొంచెం సరిదిద్దుకుంటే చాలు. ఆ గేదె ఒక్కటి లేదనుకోండి, మీ గడప మొత్తం పచ్చబడిపోతుంది. వనపర్తిలో సభ పెడుతున్నాం. 'పచ్చని గడప' శాలువా, ఫొటో, అన్నీ ఉంటాయి. ఒక వారం తనిఖీ ఉంటుంది, అంతే."

ఫోన్ పెట్టేసి కురుమూర్తి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అలా ఎప్పుడూ నిలబడడు.

"ముత్తాన్ని అమ్ముతున్న. వచ్చే శనివారం గాక పై శనివారం, పెబ్బేరు సంతకు. పశువుల బేరగాడు మాసయ్యకు చెప్పిన. ఆ పైసలతోటి కరెంటు బండి తెస్త. దానికి పొగనే రాదట."

జోగులమ్మ చేతిలో రొట్టె ఆగిపోయింది. "నా అరణం అమ్మి నీకు బండా?"

"నాకు గాదే, భూమికి. భూమి వేడెక్కుతున్నదే. నీకేం తెల్వదు."

"భూమి సంగతి తెల్వదు గని, నా కడుపు మాత్రం బాగనే వేడెక్కుతున్నది," అంది జోగులమ్మ.

ఏడ్చిందా? లేదు. పెనం మీది రొట్టె తిప్పింది. ఆ పూట కురుమూర్తి రొట్టె ఒక వైపు నల్లగా మాడింది. ఆ పొగ కూడా ఆమె లెక్కలోకే పోయి ఉంటుంది.

తనిఖీ కాగితం పట్టుకుని రెబెకా మళ్లీ వచ్చింది. గోడకు అంటించే పెద్ద చార్టు. శనివారం నుంచి శుక్రవారం దాకా ఏడు రోజులు, ఒక్కో పనికి ఒక్కో వరుస, ప్రతి గడిలో చేసినవారి పేరు. చివర యజమాని సంతకం. కురుమూర్తి కొత్తకోటకు 'ఉపాధి ప్రయాణం' పోయి ఉన్నాడు.

"బిడ్డా, ఒక్క మాట," అంది జోగులమ్మ. "పొయ్యి ఎవలు ముట్టిస్తే పొగ వాళ్లదేనా?"

"అవునక్కా."

"తిన్నోళ్లది కాదు?"

"తినుడు లెక్కల లేదక్కా."

"బర్రెకు గడ్డేస్తే?"

"ఎవరేస్తే వాళ్ల పేరే." రెబెకా గోడకేసి చూస్తూ గొంతు తగ్గించింది. "మా అమ్మది గూడ నేనే రాసిన అక్కా. తొంభై ఆరొచ్చింది. మూడు దినాలు నాతోని మాట్లాడలే."

జోగులమ్మ గూట్లోంచి అగ్గిపెట్టె తీసుకెళ్లి కురుమూర్తి దిండు పక్కన పెట్టింది.

శనివారం తెల్లారింది. కురుమూర్తి లేచాడు, ఆవులించాడు, "చాయ్" అన్నాడు. చాయ్ రాలేదు.

"ఏమే, చాయ్?"

"నేను పొగ తగ్గించుకుంటున్న. సరిదిద్దుకోమన్నరు గద మీ సారు. అగ్గిపెట్టె నీ తలాపునే ఉన్నది. నువ్వు పొయ్యి ముట్టియ్యి, నేను చాయ్ కాస్త."

ఐదు పుల్లలు ఆరిపోయాయి. ఆరోదానికి పొయ్యి అంటుకుంది, దాంతోపాటు కురుమూర్తి కళ్లూ ముక్కూ కూడా. దగ్గుకుంటూ బయటికొచ్చేసరికి జోగులమ్మ చార్టు ముందు పెన్ను పట్టుకుని నిలబడి ఉంది.

"ఈడ ఎవరి పేరు రాయాలె?"

ఇదిగో, కథ అంతా ఇక్కడే ఉంది. కురుమూర్తి వెనక రెండేళ్లు ఉపాధి హామీ పనిలో కూలీల హాజరు రాసే మేట్‌గా చేశాడు. వరుసలూ గడులూ పేర్లూ ఉన్న కాగితం ఏది కనపడినా అతని కంటికి అది మస్టరే, కూలి డబ్బులు లెక్కగట్టే హాజరు పట్టీ. మస్టరులో పేరు ఎన్ని గడుల్లో ఉంటే అంత మంచిదని పాలమూరులో పసిపిల్లకు కూడా తెలుసు. తట్ట ఎవరు మోశారన్నది తర్వాతి సంగతి.

"ఇంట్ల యజమానిని నేనుంటే నీ పేరెట్ల రాస్తవే? పెన్ను ఇటియ్యి."

వంట, కురుమూర్తి. వేడినీళ్లు, కురుమూర్తి. బట్టలకు ఉడుకునీళ్లు, కురుమూర్తి. అన్నీ గుండ్రటి అక్షరాల్లో, కింద గీత కొట్టి మరీ.

ఆదివారం కూడా పొయ్యి ముట్టించాడు. సోమవారానికి ఓపిక అయిపోయింది.

"నువ్వే ముట్టియ్యి. పని నువ్వు చెయ్యి, పేరు నేను రాస్త."

"సరే," అంది జోగులమ్మ.

పదిహేనేళ్ల కాపురంలో ఆమె అంత తొందరగా 'సరే' అన్నది అదే మొదటిసారి. అక్కడైనా అతనికి అనుమానం రావాల్సింది.

ఇక ముత్తెం. సంతలో నాలుగు రాళ్లు ఎక్కువ పలకాలంటే డొక్కలు నిండుగా కనపడాలి. కాబట్టి ఆ వారమంతా కురుమూర్తి స్వయంగా పచ్చగడ్డి కోసుకొచ్చాడు, పత్తి చెక్క నానబెట్టాడు, మోటారు కింద నిలబెట్టి వీపు రుద్దాడు. ఇది మాత్రం నిజంగానే చేశాడు, గడి గడికీ పేరూ రాసుకున్నాడు. ముత్తెం కొత్తల్లుడిలా మేసింది. కళ్లు అరమోడ్చి, వీధి చివరికి వినపడేటట్టు తేన్చింది.

శుక్రవారం సాయంత్రం రెబెకా వచ్చి చార్టు చూసి టాబులో కొట్టుకుంటోంది. సంతకు తోలుకుపోవడానికి మాసయ్య కూడా తాడు భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. పక్కింటి బాలమ్మ పాల చెంబుతో వచ్చి, చూడదగ్గ తమాషా ఏదో ఉందని పోకుండా ఆగిపోయింది.

టాబు గిర్రున తిరిగింది. ఆకు జోగులమ్మ పక్కకు పోయింది. పొగగొట్టం కురుమూర్తి పక్కకొచ్చింది. నూటికి తొంభై ఐదు.

"ఇదేందమ్మా? మిషిన్ ఖరాబైందా?"

"లేదన్నా. అన్ని గడిలల్ల నీ పేరే ఉన్నది. కింద సంతకం గూడ వెట్టినవ్."

"అంటే పేరుంటే మంచిది కాదా?"

"పేరుంటే పొగ అన్నా."

కురుమూర్తి ముఖం చూడాల్సిందే. రానున్న శాలువా, వనపర్తి వేదిక, ఫొటో, కరెంటు బండి, అన్నీ ఆ ఎర్ర గొట్టంలోంచి పైకి పోతున్నాయి.

"అబద్ధం! ఇదంత అబద్ధమమ్మా!" అని అరిచాడు. "నేనేం చెయ్యలే! ఉత్తగ పేరు రాసుకున్న! వంటంత అదే చేసింది, నీళ్లు అదే కాగబెట్టింది, బట్టలు అదే ఉతికింది! ఈ వారం రెండు దినాలు తప్ప పదిహేనేండ్లల నేను ఈ ఇంట్ల ఒక్క పుల్ల గీకి ఎరుగ! నా చాయ్ గిలాస గూడ నేను కడుక్కోలే! ఊరంతా ఎరుకే, అడుగు, గా బాలమ్మను అడుగు!"

"నన్నెందుకు అడుగుడు?" అంది బాలమ్మ చెంబు చంక మార్చుకుంటూ. "నీ నోటెంట నిజం వస్తుంటే నడుమ నేనెందుకు అడ్డమొస్త కురుమూర్తీ? కానియ్యి, ఇంకా చెప్పు."

రెబెకా జోగులమ్మ వైపు తిరిగింది. "అక్కా, మార్చాలంటే నువ్వు ఒప్పుకోవాలె. ఇవన్నీ నువ్వే చేసినవా?"

"లే బిడ్డా," అంది జోగులమ్మ, ముఖం ఎంత అమాయకంగా పెట్టిందో. "ఆయన సిగ్గుపడుతుండు. అక్షరాలు ఆయనవే, సంతకం ఆయనదే. యజమాని రాసింది తప్పెట్లయితది?"

కురుమూర్తి ఆమె పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. ఆ గొంతు ఆమె పెళ్లయిన కొత్తలో విన్నది. "జోగులూ, జర సగమన్న నీ పేరు మీద రాయించుకోవే. కనీసం ఆ బర్రె తేన్పులైనా తీసుకో. నీదే గద బర్రె."

"నాదేనా?"

"నీదే. అరణం గద."

"మాసన్నా, విన్నవా?" అంది జోగులమ్మ వాకిట్లోకి.

మాసయ్య విన్నాడు. భుజం మీద తాడు దించి చేతికి చుట్టుకున్నాడు. "కురుమూర్తీ, అరణం బర్రె అని నాకు ముందు చెప్పలే నువ్వు. అరణం గొడ్డుకు ఆ ఆడమనిషి తన చేతులతోటి తాడు ఇస్తే గని నేను పట్టను. మా నాయన కాలం నుంచి గంతే."

"నేనిస్తున్న గదనే!"

"నువ్విస్తే అది బేరం గాదు, దొంగతనం."

జోగులమ్మ వాకిట్లోకి నడిచింది. ముత్తెం మెడ నిమిరి, దాని పలుపు గుంజకు ఇంకొక ముడి వేసింది.

"తేన్పులు నావైనప్పుడు బర్రె నాదే. తేన్పులు నీవైనంక గూడ బర్రె నాదే. గా చార్టు మీద ఉన్నది ఉన్నట్టే పంపు బిడ్డా."

రెబెకా పంపింది. మాసయ్య ఒట్టి తాడుతో పోయాడు. ముత్తెం తీరిగ్గా ఒకటి తేన్చింది.

మరి 'పచ్చని గడప' శాలువా ఎవరికి పోయింది? ఆ సభ చూసి తీరాల్సింది. వనపర్తిలో మైకులు, పూలకుండీలు. సారు తిరిగొచ్చేసరికి చల్లగా ఉండాలని బయట కారు రెండు గంటలు ఆగకుండా నడిచింది, అది ఆఫీసు పని కాబట్టి ఏ లెక్కలోనూ రాదు. మండలంలో అన్నిటికన్నా తక్కువ పొగ వచ్చిన ఇల్లు హన్మంతుది. పొయ్యి పొగ సున్నా, కరెంటు సున్నా, పశువులు సున్నా. ఎందుకంటే ఎనిమిది నెలలుగా ఆ ఇంటికి తాళం. హన్మంతు, వాడి పెళ్లాం పుణెలో పద్నాలుగో అంతస్తు మీద స్లాబు పోస్తున్నారు. ఆ స్లాబు పొగ ఏ గడిలో ఉందో ఎవరూ అడగలేదు. ఇంటి మనుషులు దొరక్క, మర్నాడు సారు మనుషులు పోయి ఆ తాళానికి శాలువా కప్పి ఫొటో దిగొచ్చారు.

ఆ ఫొటో చూసిన రాత్రి నుంచి కురుమూర్తి బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. వచ్చే నెల రెండో విడత తనిఖీ ఉంది. పొద్దున్నే జోగులమ్మ ముందు కూర్చున్నాడు.

"నాకొక ఐడియా వచ్చిందే. నువ్వు ముత్తాన్ని తోలుకొని అయిజకు పో. మీ తల్లిగారింటికి. ఏడు దినాలే. నీ పొగ ఆడ, నా ఆకు ఈడ."

"మరి నువ్వు?"

"నేనెట్ల వస్త? యజమాని ఇంట్ల ఉండాలె గద."

జోగులమ్మ రెండోసారి తొందరగా 'సరే' అంది.

ట్రాలీ ఆటోలో ముత్తెం, ముందు సీట్లో జోగులమ్మ. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే మొహానికి గాలి కొట్టింది. అయిజలో తమ్ముడు శ్రీశైలం, రాయచూరు వైపు పిల్ల వాడి భార్య రేణుక. దిగగానే "ఊట ఆయ్తా వదినా?" అని తిన్నావో లేదో అడిగి, రేణుక పొయ్యి దగ్గరకు పరిగెత్తబోయింది. జోగులమ్మ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నువ్వు కూసో పిల్లా. తమ్మీ, అగ్గిపెట్టె నువ్వు పట్టు."

శ్రీశైలం నవ్వాడు. అక్క నవ్వకపోయేసరికి లేచాడు.

మొదటి రోజు కురుమూర్తి ఫోన్. "గ్యాసు లైటరు యాడ వెట్టినవే?" రెండో రోజు, "గిద్దెడు బియ్యంల నీళ్లెన్ని?" మూడో రోజు ఫోన్ లేదు. కొత్తకోట హోటలు దొరికినట్టుంది. ఐదో రోజు, "ముత్తెం మంచిగున్నదా?" ఆరో రోజు, "నువ్వెప్పుడొస్తవే?"

ఏడో రోజు రెబెకా చేసింది. "అక్కా, మీ ఇల్లు మొత్తం పచ్చగయింది! అన్న మూడుపూటలా హోటల్లనే తింటుండు, హోటలు పొగ ఇంటి లెక్కల రాదు గద. ఈసారి శాలువా పక్కా. గని నువ్వు తిరిగొచ్చిన దినమే మళ్లీ ఎర్రబడ్తదక్కా." ఆ పిల్ల పొరపాటున అందో, కావాలనే అందో.

ఇప్పుడు ఎనిమిదో రోజు పొద్దు. జోగులమ్మ సంచి సర్ది అరుగు మీద పెట్టుకుంది. గద్వాల బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది, ఆటో వాడికి చెబితే ముత్తెం కోసం వస్తాడు. తమ్ముడు పెట్టిన చాయ్, ఆమె ముట్టించని పొయ్యి మీద కాగిన చాయ్, చేతిలో వెచ్చగా ఉంది. ముత్తెం వేప నీడలో ఎవరి పేరూ లేకుండా హాయిగా తేన్చుతోంది. ఫోన్ మోగుతోంది, తెర మీద కురుమూర్తి పేరు, పక్కన అతను పెట్టుకున్న ఆకు బొమ్మ.

ఆమె లేకపోతే పచ్చగా, ఆమె తిరిగొస్తే ఎర్రగా అయ్యే ఆ ఇంటికి, మీరైతే బస్సెక్కుతారా?